క్లౌడ్ సర్వర్‌లో కెర్నెల్ క్రాష్: ఆధారం దేనితో పట్టాలి, ఎవరికి పంపాలి

సర్వర్ ఉన్నట్టుండి రీబూట్ అవుతుంది. లాగిన్ అయి జర్నల్ (సిస్టమ్ లాగ్) తీస్తే ఒక నిమిషం దాకా మామూలు వరుసలు, ఆ వెంటనే కొత్త బూట్ సందేశాలు. మధ్యలో ఏమీ ఉండదు. చాలా టీముల్లో "లాగ్‌లో ఏమీ దొరకలేదు" అని రాసి టికెట్ అక్కడే మూసేస్తారు. దొరక్కపోవడంలో వింతేమీ లేదు. డిస్క్ మీద లాగ్ రాయించాల్సింది ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ అయిన కెర్నెల్, పడిపోయింది కూడా కెర్నెలే. చివరి పది క్షణాల మాటలు మెమరీలోనే ఉండి, రీబూట్‌తో పోయాయి. అందుకే ఆ మాటలను పట్టే ఏర్పాటు క్రాష్ జరగకముందే చేసి ఉండాలి. ఆ ఏర్పాటుకు ఐదు దారులున్నాయి. ఏ సర్వర్‌కు ఏది సరిపోతుంది, పట్టుకున్న ఆధారాన్ని ఎవరికి ఎలా పంపాలి అన్నది ఇక్కడ చెబుతున్నాం. అంతా లైనక్స్ వీఎంల (వర్చువల్ మెషీన్ల) గురించే.

తొందరలో ఉన్నవారికి మా సలహా ఇది. సీరియల్ కన్సోల్ లాగ్ (కెర్నెల్ సీరియల్ పోర్టుకు పంపే సందేశాల రికార్డు) ప్రతి సర్వర్‌లో ఉండాలి, అందులో రాజీ వద్దు. 4 జీబీ, అంతకు మించి మెమరీ ఉంటే దానికి తోడు కేడంప్ (క్రాష్ క్షణంలో మెమరీని ఫైల్‌గా దాచే ఏర్పాటు) పెట్టండి. 1, 2 జీబీ చిన్న వీఎంలకు, ప్రొవైడర్ సీరియల్ లాగ్ ఇవ్వకపోతే, నెట్‌కన్సోల్ (కెర్నెల్ సందేశాలను పక్క సర్వర్‌కు పంపేది). మిగతావి ప్రత్యేక సందర్భాలకు.

ముందు తేల్చుకోవాల్సినవి

అది నిజంగా కెర్నెల్ క్రాషేనా? "లాస్ట్ -ఎక్స్" నడిపితే పాత సెషన్ల పక్కన "క్రాష్" అని కనిపించవచ్చు. దానర్థం సవ్యంగా షట్‌డౌన్ కాలేదని మాత్రమే. హోస్ట్ యంత్రం (మీ వీఎంను నడిపే అసలు కంప్యూటర్) చెడిపోయినా, ఎవరో కంట్రోల్ ప్యానెల్‌లో రీసెట్ నొక్కినా అలాగే కనిపిస్తుంది. ప్రొవైడర్ ఈవెంట్ల పేజీలో ఆ సమయానికి హోస్ట్ మెయింటెనెన్స్, స్టాప్, రీసెట్ లాంటివి ఉన్నాయేమో ముందు చూడండి. ఆ తర్వాత "జర్నల్‌సీటీఎల్ -కె -బి -1" తో గత బూట్ కెర్నెల్ సందేశాలు చూడండి. /వార్/లాగ్/జర్నల్ ఫోల్డర్ లేకపోతే జర్నల్ మెమరీలోనే ఉండి, గత బూట్ అసలు మిగలదు. ఆ ఫోల్డర్ ఉండేలా ఇవాళే చూసుకోండి.

మెమరీ చాలక కెర్నెల్ ఒక ప్రాసెస్‌ను చంపడం కెర్నెల్ క్రాష్ కాదు. "అవుట్ ఆఫ్ మెమరీ: కిల్డ్ ప్రాసెస్" అని లాగ్‌లో ఉంటే అది మీ అప్లికేషన్ లెక్క, బగ్ రిపోర్టుకు పనికిరాదు.

ఇంకో పరీక్ష "సిస్టమ్‌డీ-డిటెక్ట్-వర్ట్". అది కేవీఎం, అమెజాన్, మైక్రోసాఫ్ట్, జెన్ అని చెబితే మీకు సొంత కెర్నెల్ ఉన్నట్టు. ఓపెన్‌వీజెడ్ లేదా ఎల్ఎక్స్‌సీ అని వస్తే మీది కంటైనర్. చవక వీపీఎస్‌లలో (అద్దె వర్చువల్ సర్వర్లలో) ఇప్పటికీ ఇవి తగులుతాయి. అందులో కెర్నెల్ ప్రొవైడర్‌ది, కాబట్టి కింద చెప్పిన ఏ పద్ధతీ మీ చేతిలో లేదు. సమయం, టైమ్ జోన్ రాసి వారికి టికెట్ పెట్టడమే.

సీరియల్ కన్సోల్: అందరికీ మొదటిది

కెర్నెల్ పడిపోతూ కూడా సీరియల్ పోర్టుకు అక్షరాలు పంపగలదు. డిస్క్ డ్రైవర్, ఫైల్ సిస్టమ్, నెట్‌వర్క్ ఏవీ దానికి అక్కర్లేదు. అవతల ఆ అక్షరాలు అందుకునేది హైపర్‌వైజర్ (వీఎంలను నడిపే సాఫ్ట్‌వేర్) కాబట్టి మీ వీఎం పోయినా అవి మిగులుతాయి. మెమరీ ఖర్చు లేదు. చేయాల్సిందల్లా కెర్నెల్ కమాండ్ లైన్‌లో "కన్సోల్=టీటీవైఎస్0,115200" ఉండేలా చూడటం. అధికారిక క్లౌడ్ ఇమేజ్‌లలో ఇది సాధారణంగా ఉంటుంది. సొంతంగా అప్‌లోడ్ చేసిన ఇమేజ్‌లలోనే తరచూ ఉండదు. /ప్రాక్/సీఎండీలైన్ చూస్తే తేలిపోతుంది.

అదే వరుసలో "క్వయెట్" ఉంటే తీసేయండి. ఊప్స్ (కెర్నెల్ లోపలి తప్పు) లేదా పానిక్ (కెర్నెల్ పూర్తిగా ఆగిపోవడం) వచ్చినప్పుడు కెర్నెల్ తనంతట తానే గొంతు పెంచుతుంది కాబట్టి స్టాక్ ట్రేస్ (తప్పు జరిగిన చోటికి దారితీసిన ఫంక్షన్ల జాబితా) ఎలాగూ కనిపిస్తుంది. క్వయెట్ దాచేది అంతకు ముందు వచ్చిన వార్నింగ్‌లను. డిస్క్ ఆలస్యమైందనో, డ్రైవర్ రీసెట్ అయిందనో చెప్పే ఆ వరుసలే చాలాసార్లు అసలు కథ చెబుతాయి. అలాగని ఇంకో చివరకూ పోవద్దు. ఫైర్‌వాల్ లాగ్ వరుసలన్నీ సీరియల్‌కు పోయేలా లాగ్ స్థాయి పెంచితే, సెకనుకు 11 కేబీ మాత్రమే మోయగల ఆ దారి నిండిపోయి, సీరియల్ రాతే సీపీయూను ఆపేసి సాఫ్ట్ లాకప్ (సీపీయూ ఒకే పనిలో ఇరుక్కుపోవడం) తెస్తుంది.

ప్రొవైడర్లలో తేడా ఇక్కడే బయటపడుతుంది. అమెజాన్ ఈసీ2లో "గెట్-కన్సోల్-అవుట్‌పుట్" చివరి 64 కేబీ ఇస్తుంది. దానికి "లేటెస్ట్" ఆప్షన్ జోడించకపోతే బూట్ సమయంలో తీసి ఉంచిన పాత ప్రతి వస్తుంది, దాన్ని చూసి ఏమీ లేదనుకుంటారు. ఆ ఆప్షన్ నైట్రో (అమెజాన్ కొత్త తరం వర్చువలైజేషన్) ఆధారిత ఇన్‌స్టెన్స్‌లకే (వీఎంలకే) పనిచేస్తుంది. 64 కేబీ పెద్దదేమీ కాదు. క్రాష్ తర్వాత సర్వర్ రెండు మూడుసార్లు బూట్ అయితే పాత ట్రేస్ పైనుంచి జారిపోతుంది. కాబట్టి క్రాష్ అలారం మోగగానే ఆ కమాండ్ నడిపి ఫలితాన్ని ఫైల్‌లో దాచే చిన్న స్క్రిప్ట్ ఒకటి ఉంచుకోండి.

గూగుల్ కంప్యూట్ ఇంజిన్ ఈ విషయంలో ఉదారంగా ఉంటుంది. పోర్టుకు చివరి 1 ఎంబీ దాచుతుంది. మెటాడేటాలో "సీరియల్-పోర్ట్-లాగింగ్-ఎనేబుల్" విలువను ట్రూ చేస్తే ప్రతి వరుసా క్లౌడ్ లాగింగ్‌కు పోతుంది, డిఫాల్ట్‌గా 30 రోజులు ఉంటుంది. ఇది ఒక్కటి ఆన్ చేస్తే చాలు, క్రాష్ చూడటానికి అర్ధరాత్రి లేవక్కర్లేదు. అజూర్‌లో బూట్ డయాగ్నస్టిక్స్ ఆన్ చేస్తే సీరియల్ లాగ్, స్క్రీన్‌షాట్ రెండూ వస్తాయి.

చిన్న ప్రొవైడర్లలో చాలామంది బ్రౌజర్‌లో వీఎన్‌సీ స్క్రీన్ (సర్వర్ తెరను దూరం నుంచి చూపేది) మాత్రమే ఇస్తారు. దాన్ని ఆధారంగా లెక్కపెట్టకండి. ట్రేస్‌లో విలువైనది మొదటి పది వరుసలు. స్క్రీన్ మీద మిగిలేది చివరి పాతిక వరుసలు. "ఎండ్ కెర్నెల్ పానిక్ - నాట్ సింకింగ్" అన్న ఫోటో ఒక్కటి పంపితే ఏ డెవలపరూ ఏమీ చేయలేరు.

కేడంప్: అసలు కారణం కావాలంటే

సీరియల్ లాగ్ ఎక్కడ పడిందో చెబుతుంది. ఎందుకు పడిందో చాలాసార్లు చెప్పదు. మెమరీలో ఆ స్ట్రక్చర్ ఏ స్థితిలో ఉంది, మిగతా సీపీయూలు ఏం చేస్తున్నాయి, తాళం ఎవరి దగ్గర ఉంది అన్నవి తెలియాలంటే మెమరీ ప్రతి కావాలి. కేడంప్ చేసేది అదే. బూట్ సమయంలో కొంత మెమరీ పక్కన పెట్టి అందులో రెండో కెర్నెల్‌ను సిద్ధంగా ఉంచుతుంది. మొదటిది పానిక్ అయిన క్షణంలో రెండోది లేచి, చచ్చిన కెర్నెల్ మెమరీని వీఎంకోర్ ఫైల్‌గా రాసి రీబూట్ చేస్తుంది. 2005లో 2.6.13 కెర్నెల్ నుంచి ఇది లైనక్స్‌లో భాగం, బాగా నలిగిన దారి.

ధర మెమరీ రూపంలో కట్టాలి. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 9లో 64-బిట్ ఇంటెల్, ఏఎండీ యంత్రాలకు డిఫాల్ట్ లెక్క ఇలా ఉంటుంది: 1 నుంచి 4 జీబీ దాకా 192 ఎంబీ, 4 నుంచి 64 జీబీ దాకా 256 ఎంబీ, ఆపైన 512 ఎంబీ. 1 జీబీ వీఎంలో 192 ఎంబీ అంటే దాదాపు ఐదో వంతు పోయినట్టే, అది గిట్టుబాటు కాదు. 8 జీబీలో 256 ఎంబీ అంటే 3 శాతం. డేటాబేస్ నడిచే సర్వర్‌కు అది ఇచ్చి తీరాలన్నది మా అభిప్రాయం.

ఉబుంటులో "లైనక్స్-క్రాష్‌డంప్" ప్యాకేజీ వేసి రీబూట్ చేయాలి. రెడ్ హ్యాట్ 9, దాని సోదర డిస్ట్రోలలో (లైనక్స్ పంపిణీలలో) "కెక్సెక్-టూల్స్" వేసి, "కేడంప్‌సీటీఎల్ ఎస్టిమేట్" చెప్పిన విలువ చూసి, "కేడంప్‌సీటీఎల్ రీసెట్-క్రాష్‌కెర్నెల్" నడిపి, కేడంప్ సర్వీసు ఎనేబుల్ చేసి రీబూట్ చేయాలి. తర్వాత మూడు చోట్ల చూడండి. /సిస్/కెర్నెల్/కెక్సెక్_క్రాష్_లోడెడ్‌లో 1 ఉండాలి. పక్కనే ఉన్న కెక్సెక్_క్రాష్_సైజ్ సున్నా కాకూడదు. "కెర్నెల్.పానిక్_ఆన్_ఊప్స్" విలువ 1 ఉండాలి. మూడోది చాలామంది వదిలేస్తారు. అది 0 అయితే ఊప్స్ వచ్చినప్పుడు కెర్నెల్ ఆ ఒక్క ప్రాసెస్‌ను చంపి కుంటుతూ నడుస్తుంది, కేడంప్ కదలదు. గంట తర్వాత వేరే చోట పడినప్పుడు దొరికే డంప్ తప్పుదారి పట్టిస్తుంది.

ఇక పరీక్ష. సర్వీసులు ఆపి, "సింక్" చేసి, రూట్‌గా /ప్రాక్/సిస్ఆర్‌క్యూ-ట్రిగ్గర్‌లోకి "సి" అక్షరం పంపండి. సర్వర్ అక్కడికక్కడే పానిక్ అవుతుంది. తిరిగి లేచాక /వార్/క్రాష్ కింద తేదీ పేరుతో ఫోల్డర్, అందులో వీఎంకోర్ (ఉబుంటులో "డంప్" తో మొదలయ్యే ఫైల్), దాంతోపాటు కెర్నెల్ చివరి సందేశాల టెక్స్ట్ ఫైల్ ఉండాలి. ఈ పరీక్ష చేయని కేడంప్‌ను ఉన్నట్టు లెక్కపెట్టొద్దు. సర్వీసు పచ్చగా కనిపిస్తూ, డంప్ మాత్రం రాని సర్వర్లు బోలెడు.

రాకపోవడానికి కారణాలు ఎక్కువగా ఇవే. రిజర్వ్ చేసిన మెమరీ చాలక రెండో కెర్నెల్‌లోనే ఓఓఎం (అవుట్ ఆఫ్ మెమరీ) వస్తుంది. సీరియల్ లాగ్‌లో రెండోసారి బూట్ మొదలై మధ్యలో చచ్చినట్టు కనిపిస్తుంది, అప్పుడు 192ను 256కు, 256ను 384కు పెంచి చూడండి. లేదా ఇన్‌స్టెన్స్ రకం మార్చాక కొత్త డిస్క్ డ్రైవర్ కేడంప్ ఇనిట్ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లో (బూట్ మొదట్లో వాడే చిన్న ఫైల్ సిస్టమ్‌లో) లేకపోవచ్చు. జెన్ కాలపు ఇన్‌స్టెన్స్ నుంచి నైట్రోకు మారినప్పుడు ఎన్‌వీఎంఈ డ్రైవర్ విషయంలో ఇలాగే అవుతుంది. ఇనిట్ర్యామ్‌ఎఫ్‌ఎస్ మళ్లీ కట్టించి, కేడంప్ సర్వీసు రీస్టార్ట్ చేయాలి. డిస్క్ నిండి ఉండటం మరో కారణం. గెస్ట్ (మీ వీఎం) లోపల లక్స్ డిస్క్ ఎన్‌క్రిప్షన్ పెట్టుకుంటే రెండో కెర్నెల్‌కు తాళం తెరిచే దారి ఉండదు, డంప్‌ను ఎస్ఎస్‌హెచ్ ద్వారా వేరే యంత్రానికి పంపేలా పెట్టాలి. ప్రొవైడర్ చేసే డిస్క్ ఎన్‌క్రిప్షన్‌తో మాత్రం ఈ చిక్కు లేదు.

క్లౌడ్‌కే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది, అది అన్నిటికంటే బాధ పెడుతుంది. డంప్ రాస్తున్నంత సేపూ సర్వర్ హెల్త్ చెక్‌కు జవాబివ్వదు. ఆటో స్కేలింగ్ గ్రూపు (సర్వర్ల సంఖ్యను తనంతట తానే సరిచేసే ఏర్పాటు) దాన్ని చచ్చిందని తేల్చి, డంప్ సగంలో ఉండగానే ఇన్‌స్టెన్స్‌ను తొలగించి కొత్తది తెస్తుంది. డిస్క్‌తో సహా ఆధారం పోతుంది. ఇలాంటి గ్రూపుల్లో డంప్‌ను ఎస్ఎస్‌హెచ్ లేదా ఎన్‌ఎఫ్‌ఎస్ ద్వారా బయటికి పంపండి, లేదా టెర్మినేట్ అయినా మిగిలేలా సెట్ చేసిన వేరే వాల్యూమ్ మీద రాయించండి, హెల్త్ చెక్ గడువు కూడా కొంచెం పెంచండి. ఎంత పెంచాలన్నది లెక్కకట్టవచ్చు. అమెజాన్ జీపీ3 వాల్యూమ్ ప్రాథమిక వేగం సెకనుకు 125 ఎంబీ. 4 జీబీ డంప్‌కు రాతే అర నిమిషం పడుతుంది. దానిపై రెండో కెర్నెల్ బూట్, ఒక్క సీపీయూ మీద కంప్రెషన్ సమయం కలపండి. పరీక్షలో మీకు పట్టిన సమయానికి రెట్టింపు ఇస్తే నిశ్చింత.

డంప్ పరిమాణం గురించి భయం అక్కర్లేదు. "మేక్‌డంప్‌ఫైల్" ను "-డి 31" తో నడిపితే సున్నా పేజీలు, క్యాష్, యూజర్ ప్రాసెస్‌ల పేజీలు, ఖాళీ పేజీలు వదిలేసి కెర్నెల్ వాడుతున్నవే రాస్తుంది. రెడ్ హ్యాట్‌లో డిఫాల్టే అది. వేరే వాల్యూమ్ పెట్టమనడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ లేదా ఎక్స్ట్4 కోడ్‌లోనే పానిక్ వస్తే, అదే ఫైల్ సిస్టమ్‌ను మళ్లీ మౌంట్ చేసి అందులో జీబీల కొద్దీ రాయడం మంచిది కాదు.

నెట్‌కన్సోల్: చిన్న వీఎంలకు

ఇది కెర్నెల్ సందేశాలను యూడీపీ ప్యాకెట్లుగా పక్క సర్వర్‌కు పంపే మాడ్యూల్. మెమరీ ఖర్చు నామమాత్రం. సెటప్ ఒకే వరుస: మూల పోర్టు, మూల ఐపీ, ఇంటర్‌ఫేస్ పేరు, గమ్యం పోర్టు, గమ్యం ఐపీ, గమ్యం మ్యాక్ అడ్రస్. పోర్టులు ఇవ్వకపోతే 6665 నుంచి 6666కు పోతాయి. అవతల 6666 మీద వినే ఆర్‌సిస్‌లాగ్ లేదా నెట్‌క్యాట్ చాలు.

క్లౌడ్‌లో అందరూ తడబడేది మ్యాక్ అడ్రస్ దగ్గర. ఇవ్వకపోతే నెట్‌కన్సోల్ బ్రాడ్‌కాస్ట్ (నెట్‌వర్క్‌లో అందరికీ పంపడం) వాడుతుంది. అమెజాన్ వీపీసీలో (ప్రైవేట్ నెట్‌వర్క్‌లో) బ్రాడ్‌కాస్ట్ ఉండదు, ప్యాకెట్లు ఏ సందడీ లేకుండా మాయమవుతాయి. గమ్యం అదే సబ్‌నెట్‌లో ఉంటే దాని మ్యాక్, వేరే సబ్‌నెట్‌లో ఉంటే గేట్‌వే మ్యాక్ ఇవ్వాలి. "ఐపీ నెయ్" తో చూసుకోవచ్చు. గూగుల్ క్లౌడ్‌లో వీఎం అడ్రస్ /32 (పక్క యంత్రాలు లేని ఒంటరి సబ్‌నెట్) కాబట్టి ఎప్పుడూ గేట్‌వే మ్యాకే. తర్వాత "డీమెసేజ్ -ఎన్ 8" తో అన్ని స్థాయిల సందేశాలూ పోయేలా చేసి, /డెవ్/కెమెసేజ్‌లోకి ఒక పదం రాసి అవతల చేరిందో లేదో చూడండి.

దీని బలహీనతలు తెలిసే వాడాలి. నెట్‌వర్క్ డ్రైవర్‌లోనే క్రాష్ అయితే ఏమీ రాదు. యూడీపీ కాబట్టి మధ్యలో వరుసలు రాలవచ్చు, క్రమం తప్పవచ్చు. మాడ్యూల్ పేరామీటర్ ముందు ప్లస్ గుర్తు పెడితే ప్రతి సందేశానికీ వరుస సంఖ్య వస్తుంది, ఏది రాలిందో తెలుస్తుంది. అంతా సాదా టెక్స్ట్ కనుక ప్రైవేట్ నెట్‌వర్క్ దాటనివ్వొద్దు.

పీస్టోర్

చివరి సందేశాలను యూఈఎఫ్ఐ (బూట్ ఫర్మ్‌వేర్) వేరియబుల్స్‌లోనో, రీబూట్ తట్టుకునే మెమరీలోనో దాచి, తిరిగి లేచాక సిస్టమ్‌డీ ద్వారా /వార్/లిబ్/సిస్టమ్‌డీ/పీస్టోర్‌లో పెట్టే పద్ధతి. ల్యాప్‌టాప్‌లకు, ఫోన్లకు చక్కగా పనికొస్తుంది. క్లౌడ్‌లో వీఎంను యూఈఎఫ్ఐతో బూట్ చేశారా, ఆ వేరియబుల్స్‌ను ప్రొవైడర్ నిలుపుతాడా అన్నదాని మీద ఆధారపడుతుంది. దాచేది డిఫాల్ట్‌గా 10 కేబీ మాత్రమే. పైగా కేడంప్ ఉన్న చోట మామూలుగా పీస్టోర్‌కు వంతు రాదు, కెర్నెల్ ముందే రెండో కెర్నెల్‌లోకి దూకేస్తుంది. ఉచితంగా వస్తే ఉండనివ్వండి, దాన్నే నమ్ముకోవద్దు.

పడిపోకుండా బిగుసుకుపోతే: ఎన్‌ఎంఐ

పానిక్ ఉండదు, రీబూట్ ఉండదు, ఎస్ఎస్‌హెచ్ రాదు. ఇలాంటప్పుడు చాలామంది వెంటనే రీసెట్ కొడతారు, దాంతో ఆధారం పోతుంది. బదులుగా బయటినుంచి ఎన్‌ఎంఐ ఇంటరప్ట్ (కెర్నెల్ పక్కన పెట్టలేని అత్యవసర సంకేతం) కొడితే కెర్నెల్ పానిక్ అయి కేడంప్ మొదలవుతుంది. ఈసీ2లో 2019 నుంచి "సెండ్-డయాగ్నస్టిక్-ఇంటరప్ట్" ఉంది. అజూర్‌లో సీరియల్ కన్సోల్ మెనూలోనే ఎన్‌ఎంఐ పంపే వీలుంది. సొంత కేవీఎం హోస్ట్ అయితే "వర్ష్ ఇంజెక్ట్-ఎన్‌ఎంఐ". వీటికి గెస్ట్‌లో ముందే "కెర్నెల్.అన్‌నోన్_ఎన్‌ఎంఐ_పానిక్" విలువ 1 చేసి ఉండాలి. లేకపోతే లాగ్‌లో ఒక వరుస రాసి ఊరుకుంటుంది.

హోస్ట్ మీదే అయితే ఇంకా మంచి దారి ఉంది. "వర్ష్ డంప్" ను "మెమరీ-ఓన్లీ" ఆప్షన్‌తో నడిపితే గెస్ట్ సహకారం లేకుండానే మొత్తం మెమరీ ఫైల్‌గా వస్తుంది. గెస్ట్‌లో ఒక్క ఎంబీ కూడా రిజర్వ్ చేయక్కర్లేదు. పబ్లిక్ క్లౌడ్‌లో ఈ సౌకర్యం ఎవరూ కస్టమర్ చేతికి ఇవ్వరు.

అన్ని పద్ధతులకూ ఉమ్మడిగా రెండు సెట్టింగ్‌ల మాట. "కెర్నెల్.పానిక్" అసలు డిఫాల్ట్ 0, అంటే పానిక్ తర్వాత అలాగే నిలబడిపోవడం. 10 పెడితే పది సెకన్లకు రీబూట్ అవుతుంది. కేడంప్ ఉన్నా ఇది పెట్టండి, అది లోడ్ కాని రోజు ఇదే కాపాడుతుంది. "కెర్నెల్.సాఫ్ట్‌లాకప్_పానిక్" మాత్రం వీఎంలో 1 చేయొద్దు. హోస్ట్ మీద రద్దీ ఎక్కువై మీ వర్చువల్ సీపీయూకు 20 సెకన్లు వంతు రాకపోతే కెర్నెల్ అది తన లాకప్ అనుకుంటుంది. ఏ తప్పూ లేని సర్వర్‌ను మీరే కూల్చినట్టవుతుంది.

ట్రేస్‌లో ఏం చూడాలి

ఎవరికి పంపాలో ట్రేసే చెబుతుంది. ఒక మామూలు ఊప్స్ తీసుకుందాం. మొదటి వరుస: "బగ్: కెర్నెల్ నల్ పాయింటర్ డీరెఫరెన్స్, అడ్రస్: 0000000000000018". అడ్రస్ సున్నా కాకుండా 18 కావడం సూచన. ఖాళీ పాయింటర్ పట్టుకుని, ఆ స్ట్రక్చర్‌లో మొదటినుంచి హెక్స్ 18 దూరంలో ఉన్న ఫీల్డ్‌ను చదవబోయారు.

కాస్త కింద సీపీయూ సంఖ్య, పీఐడీ, ప్రాసెస్ పేరు, కెర్నెల్ వెర్షన్, "టెయింటెడ్" (కెర్నెల్ శుద్ధంగా లేదన్న గుర్తు) అన్న మాట ఉంటాయి. టెయింట్ అక్షరాల్లో "పీ" ఉంటే ప్రొప్రయిటరీ మాడ్యూల్ లోడ్ అయి ఉంది, "ఓ" అంటే కెర్నెల్ చెట్టు బయటి మాడ్యూల్, "ఈ" అంటే సంతకం లేనిది. "డబ్ల్యూ" ఉంటే ఇంతకు ముందే ఒక వార్నింగ్ వచ్చింది. "డీ" ఉంటే ఇంతకు ముందే ఒక ఊప్స్ జరిగింది, అంటే మీరు చూస్తున్నది పర్యవసానం. పైకి వెళ్లి మొదటి ఊప్స్ వెతకండి, పంపాల్సింది అదే.

తర్వాత "ఆర్‌ఐపీ" (పడినప్పుడు సీపీయూ కోడ్‌లో ఉన్న చోటు) వరుస. ఫంక్షన్ పేరు, ప్లస్ గుర్తు, రెండు హెక్స్ అంకెలు. మొదటిది ఫంక్షన్‌లో ఎంత లోపల పడిందో, రెండోది ఫంక్షన్ మొత్తం పరిమాణం. చదరపు బ్రాకెట్లలో మాడ్యూల్ పేరు ఉంటే దోషి ఆ చుట్టుపక్కలే ఉండవచ్చు. కింద కాల్ ట్రేస్‌లో ప్రశ్నార్థకం ఉన్న వరుసలు నమ్మదగినవి కావు, వాటి మీద కథ అల్లొద్దు.

ఫంక్షన్ పేర్లను సోర్స్ వరుసల్లోకి మార్చాలంటే అదే బిల్డ్ డీబగ్ సింబల్స్ (ఫంక్షన్లను సోర్స్ వరుసలతో కలిపే పట్టిక) కావాలి. ఉబుంటులో డీబీజీసిమ్, రెడ్ హ్యాట్‌లో కెర్నెల్-డీబగ్‌ఇన్ఫో. కెర్నెల్ సోర్స్‌లోని "డీకోడ్_స్టాక్‌ట్రేస్" స్క్రిప్ట్ మిగతా పని చేస్తుంది. డంప్ ఉంటే "క్రాష్" టూల్‌లో తెరిచి "లాగ్", "బీటీ", "బీటీ -ఏ", "కెమెమ్ -ఐ" ఫలితాలు తీయండి. ఇది వేరే వీఎంలో చేయండి, ప్రొడక్షన్ సర్వర్ మీద కాదు.

ఎవరికి పంపాలి

ఎక్కువమందికి సరైన చిరునామా డిస్ట్రో. మీరు నడిపేది ఉబుంటు కెర్నెల్ అయితే అందులో వారి సొంత ప్యాచ్‌లు ఉంటాయి. "ఉబుంటు-బగ్ లైనక్స్" నడిపితే వివరాలు సేకరించి లాంచ్‌ప్యాడ్‌కు పంపుతుంది. డెబియన్‌లో "రిపోర్ట్‌బగ్". రెడ్ హ్యాట్ చందా ఉంటే సపోర్ట్ కేసు తెరవండి, అక్కడ వీఎంకోర్ తీసుకుని చదివే ఇంజినీర్లు ఉన్నారు. డబ్బు కట్టేదే అందుకు, మొహమాటపడొద్దు.

క్లౌడ్ ప్రొవైడర్‌కు మొదటే వెళ్తే "గెస్ట్ ఓఎస్ మీ బాధ్యత" అన్న జవాబు వస్తుంది, చాలాసార్లు అది న్యాయమే. వారి దగ్గరికి వెళ్లాల్సిన గుర్తులు వేరు. ట్రేస్‌లో వారి నెట్‌వర్క్ డ్రైవర్ ఉండటం (అమెజాన్ ఈఎన్‌ఏ, గూగుల్ జీవీనిక్, మైక్రోసాఫ్ట్ మానా), "హార్డ్‌వేర్ ఎర్రర్" లేదా మెషీన్ చెక్ వరుసలు, ఎన్‌వీఎంఈ టైమ్‌అవుట్‌ల తర్వాత 120 సెకన్లు దాటి ప్రాసెస్‌లు నిలిచిపోయాయన్న సందేశాలు, ఒకే ఇమేజ్ ఉన్న ఇరవై వీఎంలలో ఒక్కటే మళ్లీ మళ్లీ పడటం. చివరి దానికి చవకైన పరీక్ష ఉంది. వీఎంను స్టాప్ చేసి స్టార్ట్ చేస్తే మామూలుగా వేరే హోస్ట్ మీదికి పోతుంది. రీబూట్ చేస్తే అదే హోస్ట్. మారాక క్రాష్‌లు ఆగితే ఆ సంగతి, ఇన్‌స్టెన్స్ ఐడీ, యూటీసీ సమయం టికెట్‌లో రాయండి. స్టాప్ చేసే ముందు లోకల్ డిస్క్ మీద దాచినదేమైనా ఉంటే తీసుకోండి, అది పోతుంది.

"పీ" లేదా "ఓ" ఉండి, ఆర్‌ఐపీ ఆ మాడ్యూల్‌లోనే ఉంటే ఆ మాడ్యూల్ తయారీదారుకే. సెక్యూరిటీ ఏజెంట్లు, ఎన్విడియా ప్రొప్రయిటరీ డ్రైవర్ ఈ కోవలోకి వస్తాయి. మాడ్యూల్ తీసేసి కూడా క్రాష్ వస్తేనే మిగతావాళ్లు వింటారు.

మెయిన్‌లైన్ (అసలు లైనక్స్) కెర్నెల్ డెవలపర్ల దగ్గరికి వెళ్లాలంటే ముందు సరికొత్త వనిల్లా (డిస్ట్రో ప్యాచ్‌లు లేని) కెర్నెల్ కట్టి, టెయింట్ లేకుండా, అదే క్రాష్ తెప్పించి చూడాలి. ఆ తర్వాత "గెట్_మెయింటెయినర్" స్క్రిప్ట్ చూపించిన వారికి, ఆ విభాగం మెయిలింగ్ లిస్టుకు సాదా టెక్స్ట్ మెయిల్ రాయాలి. హెచ్‌టీఎంఎల్ మెయిల్ లిస్టుకు చేరదు. కెర్నెల్ బగ్‌జిల్లాలో పడేసి ఎదురుచూడటం ఎక్కువ విభాగాల్లో వృథా, మెయింటెయినర్లలో చాలామంది దాన్ని చూడరు. పాత వెర్షన్‌లో రాని క్రాష్ కొత్తదాంట్లో వస్తుంటే సబ్జెక్ట్‌లో రిగ్రెషన్ అని రాయండి, దానికి వారు ప్రాధాన్యం ఇస్తారు. గిట్ బైసెక్ట్ (మార్పులను సగానికి సగం తగ్గిస్తూ తప్పు తెచ్చినదాన్ని పట్టడం) చేయగలిగితే ఇంకా మేలు. రెండు విడుదలల మధ్య పదివేలకు పైగా కమిట్లు ఉన్నా సుమారు 14 బిల్డ్‌లలో తేలిపోతుంది. గంటకు అద్దెకు దొరికే 32 సీపీయూల వీఎం మీద బిల్డ్ చేసి, చిన్న వీఎం మీద పరీక్షించండి. బయటినుంచి ఎవరైనా ఒక ప్యాకెట్ పంపి సర్వర్‌ను కూల్చగలరని అనుమానం ఉంటే మాత్రం బహిరంగ లిస్టుకు రాయకూడదు. కెర్నెల్ సెక్యూరిటీ టీముకో, డిస్ట్రో సెక్యూరిటీ టీముకో గుట్టుగా పంపాలి.

ఎవరికి పంపినా రిపోర్టులో ఉండాల్సినవి: "యునేమ్ -ఏ" ఫలితం, ప్రొవైడర్, ఇన్‌స్టెన్స్ రకం, కెర్నెల్ కమాండ్ లైన్, ట్రేస్ మొత్తం టెక్స్ట్‌గా (స్క్రీన్‌షాట్‌గా వద్దు, వరుసలు విరిగేలా అతికించొద్దు), దానికి ముందు ఐదు నిమిషాల కెర్నెల్ లాగ్, ఎన్నిసార్లు వచ్చింది, చివరిసారి బాగా నడిచిన వెర్షన్ ఏది. క్రాష్ కోరినప్పుడు తెప్పించే దారి దొరికితే మిగతా అన్నిటికంటే విలువైనది అదే.

వీఎంకోర్‌ను బహిరంగ ట్రాకర్‌కు ఎప్పుడూ జతచేయొద్దు. "-డి 31" యూజర్ పేజీలను వదిలేసినా, నెట్‌వర్క్ బఫర్లు, కీరింగ్‌లు, ఫైల్ పేర్లు కెర్నెల్ మెమరీలోనే ఉంటాయి. మీ కస్టమర్ల ఫోన్ నంబర్లు ఒక ప్యాకెట్ బఫర్‌లో మిగిలి ఉండవచ్చు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కింద ఆ డేటాకు జవాబుదారీ మీ సంస్థే. డంప్‌ను సర్వర్ ఉన్న రీజియన్‌లోనే, ఉదాహరణకు అమెజాన్ హైదరాబాద్ రీజియన్‌లో నడుస్తుంటే అక్కడి బకెట్‌లోనే, ఎన్‌క్రిప్ట్ చేసి ఇద్దరు ముగ్గురికే అనుమతి ఇచ్చి ఉంచండి. బయటికి పంపేది కెర్నెల్ సందేశాల టెక్స్ట్ ఫైల్ మాత్రమే, అందులోనూ హోస్ట్ పేర్లు, ఐపీలు మార్చి. ప్యాచ్ వచ్చి, దాంతో క్రాష్ ఆగిందని తేలేదాకా వీఎంకోర్‌తోపాటు ఆ బిల్డ్ డీబగ్ సింబల్స్ ప్యాకేజీని కూడా దాచండి. పాత బిల్డ్‌ల సింబల్స్ రిపోజిటరీల నుంచి తొలగిపోతుంటాయి, అవి లేకపోతే డంప్‌ను తెరవలేరు. బగ్ మూసేశాక రెండూ తీసేయండి.